మన బాలికలకు జంటవిద్య

మా యారాడకు మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున సముద్రము. మొన్నటి సాయంకాలము పొరుగింటి బాలిక కళాశాలనుండి కొండదారిని వచ్చి, మా యరుగుపై గూర్చుండి, “పిన్నిగారూ! న్యాయశాస్త్రమును, వ్యాపార నిర్వహణమును కలిపి చదివి, కృత్రిమ మేధకు సంబంధించిన యుద్యోగము చేయదలచితిని. అమ్మ వలదనుచున్నది” అని చెప్పినది. వెనుకనే వచ్చిన తల్లి, “యంత్రములు చేయుటకు ఇంజనీర్లు చాలరా? ప్లీడర్లతో నేమి పని వదినగారూ? అయిదేండ్లు ఫీజులు కట్టుట మా వశమా?” అనెను.

సోదరీమణులారా! ఇది మన యిండ్లలో పెక్కింట వినబడు ప్రశ్నయే, త్రోసివేయదగినది కాదు.

కెనడాలో 2022వ సంవత్సరమున అవ్వను గోల్పోయిన యొకరు ఎయిర్ కెనడావారి చాట్‌బాట్‌ను అడుగగా, టిక్కెట్టు కొనిన పిమ్మటనైనను మరణసందర్భపు రాయితీ కోరవచ్చునని యది చెప్పెను. సంస్థవారి నియమము వేరు. తగవు పెరిగినపుడు, ఆ మాటలకు తాము బాధ్యులము కామని వారు వాదించిరి. 2024 ఫిబ్రవరిలో న్యాయమండలి యా వాదమును త్రోసిపుచ్చి, సొమ్ము చెల్లింపుడని తీర్పు చెప్పెను. అచట లోపించినది ఇంజనీరు కాడు. యంత్రము సంస్థ పక్షమున నేమేమి మాట యీయవచ్చునో ముందుగా యోచించువారు లోపించిరి. వ్యాపారి లాభమును జూచును. ప్లీడరు తగవు పుట్టిన పిమ్మట వచ్చును. తగవు పుట్టకమునుపే రెంటిని జూడగలుగుటయే యీ జంటవిద్యకు ఫలము.

చట్టములును పెరుగుచున్నవి. మన దేశమున 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుటకు తలిదండ్రుల యనుమతి కావలెననుచున్నది. చట్టము మీరినవారికి తప్పును బట్టి 250 కోట్ల రూపాయలవరకు జరిమానా కలదు. ఐరోపా సమాఖ్యవారు 2024లో కృత్రిమ మేధకే ప్రత్యేకముగా చట్టము చేసిరి. వీనిని జదివి, లెక్క గట్టి, యజమానికి హితవు చెప్పువారు కావలదా?

ఈ రెండు విద్యల పొత్తు క్రొత్తది కాదు. మేము ఇంటనే చదివికొనిన కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణము పణ్యాధ్యక్షుడు మొదలగువారి విధులను, మూడవది వ్యవహార నిర్ణయమును దెలుపును. స్త్రీల కిది తగునా యందురేని, రాజమహేంద్రవరమున బుట్టిన దుర్గాబాయమ్మగారు 1942లో న్యాయపట్టము నంది, న్యాయవాదవృత్తిని, ఆంధ్రమహిళాసభను రెంటిని నడపలేదా?

అమెరికాలో మూడేండ్ల న్యాయవిద్యను, రెండేండ్ల వ్యాపారవిద్యను కలిపి సాధారణముగ నాలుగేండ్లలో ముగింతురు. మనకు ఇంటర్మీడియెటు పిమ్మట అయిదేండ్ల బి.బి.ఏ., ఎల్‌ఎల్‌.బి. కలదు, విశాఖపట్టణమున గీతము విశ్వవిద్యాలయము దీనిని బోధించుచున్నది. విడివిడిగా చదువదలచినవారికి సబ్బవరమున దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయవిశ్వవిద్యాలయమును, 2015లో వెలసిన విశాఖ ఐ.ఐ.ఎం. ను దాపుననే యున్నవి. ఎచట చేరినను బార్ కౌన్సిలు గుర్తింపు కలదో లేదో మొదట విచారింపవలెను.

పట్టము మాత్రమే చాలదు. 2023లో న్యూయార్కున ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను నమ్మి కోర్టున దాఖలు చేసి, 5,000 డాలర్ల జరిమానాకు లోనైరి. అది సత్యము నెరిగి పలుకదు. ఏ మాట వెనుక నేమాట వచ్చుట సహజమో గణించి కూర్చును. కనుక గణాంకశాస్త్రమును, కొంత ప్రోగ్రామింగును సెలవులలోనైనను నేర్వవలెను.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున కృత్రిమ మేధ కేంద్రమునకై అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. అంతమాత్రమున మన పిల్లల కుద్యోగములు వచ్చినట్లు కాదు. అప్పుచేసి చేర్చుటకు ముందు ఫీజును, విద్యార్థివేతనములను, వెనుకటి విద్యార్థుల యుద్యోగములను విచారింపుడనియే మేము చెప్పితిమి. బాలికకు ఆసక్తి కలదు; అడిగి తెలిసికొను నోరును గలదు. ఆ రెండును వలసిన వృత్తియే యిది.

తల్లి కొంతసేపు మిన్నకుండెను. లేచిపోవుచు, “ఆ ఫీజుల కాగితమేదో తెమ్మనుడు వదినగారూ, చూతము” అనినది.