తమలపాకు కథ చాలదు

మధుర రైల్వే స్టేషన్ ఎదురుగా మంగమ్మ సత్రం ఉంది. మనవడు పసివాడుగా ఉన్నందున 1689 నుంచి సుమారు పదిహేడేళ్ళు మధుర నాయక రాజ్యం నడిపిన తెలుగు రాణి ఆమె. దక్షిణాన ఏ పాత బాట మీద నడిచినా రాణి మంగమ్మ పేరు ఎవరో ఒకరు తలుస్తారు. ఇన్ని బాటలు ఎందుకు వేయించిందని అడిగితే ఊళ్ళలో ఒక కథ చెబుతారు. ఒకనాడు పరధ్యానంలో ఎడమచేత్తో తాంబూలం వేసుకుందట. తప్పు తెలిసి కుమిలిపోయిందట. ఆ పాపం పోవడానికి బాటలు వేయించి, సత్రాలు కట్టించి, దారి పొడవునా చెట్లు నాటించిందట.

కథ వినడానికి బాగుంటుంది. కానీ తిరుచిరాపల్లిలో కూర్చుని మధుర మీదుగా దక్షిణపు కొస దాకా పాలించాల్సిన మనిషికి బాట కావాలి. సరుకుబండి కదలాలి, సుంకం రావాలి, దండు నడవాలి, యాత్రికుడికి నీడ దొరకాలి. ఎడమచేతి తాంబూలం లేకపోయినా ఈ అవసరాలన్నీ ఉండేవి. మనిషి చేసిన పనికి కారణం వెతికేటప్పుడు మన చూపు ముందు అతని మనసు మీద, గుణం మీద పడుతుంది. అతను నిలబడ్డ నేల మీదికి, అతని ముందున్న దారి మీదికి ఆలస్యంగా వెళ్తుంది. 1977లో లీ రాస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టాడు. ఎదుటివారి చేతలకు స్వభావాన్ని ఎక్కువగా, పరిస్థితిని తక్కువగా బాధ్యం చేయడం మన అందరికీ ఉన్న మూలదోషం అన్నాడు. కోయంబత్తూరు, మధుర చుట్టూ తరాల క్రితం స్థిరపడ్డ మన తెలుగు ఊళ్ళ గురించి చెప్పుకునే మాటల్లో ఈ దోషం ఎంత పాతుకుపోయిందో చూస్తే, ఇంట్లోనూ పనిచోటా మనం రోజూ ఇచ్చే తీర్పులు గుర్తుకొస్తాయి.

అపోహ: మన పెద్దలు ఒక్క అవమానంతో, ఒక్క రాత్రిలో మూటాముల్లే కట్టుకుని దక్షిణానికి వచ్చేశారు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుకోట వైపు తెలుగు ఇళ్ళల్లో వలస కథ ఇంచుమించు ఒకే తీరున వినిపిస్తుంది. అందమైన ఆడపిల్ల, ఆమె మీద కన్నువేసిన పరాయి పాలకుడు, రాత్రికి రాత్రి పరుగు, ఎదురుగా పొంగిన ఏరు, దాటించడానికి వంగిన చెట్టు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, తమిళంలో గొప్ప రచయిత అయిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవల ఈ వలస జ్ఞాపకాల మీదే నిలిచింది.

వాస్తవం: వలస ఒక్క రాత్రిది కాదు, కొన్ని తరాలది. విజయనగర సైన్యాలు 14వ శతాబ్దంలోనే మధుర దాకా వచ్చాయి. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టాక రాజ్యాన్ని 72 పాలెములుగా పంచారు. వాటిలో ఎన్నో తెలుగు పాలెగాళ్ళ చేతికి వచ్చాయి. కొలువు కోసం వచ్చినవారు కొందరు, వారి వెంట వచ్చినవారు కొందరు, భూమి కోసం వచ్చినవారు ఇంకొందరు. ఏటి ఒడ్డున వరి పండే భూములు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది వానను నమ్ముకున్న నల్లరేగడి. ఆ నేలలో పత్తి, జొన్న ఎలా పండించాలో, అంత లోతున నీరు పడేలా బావి ఎలా తవ్వాలో రేగడి నేలల నుంచి వచ్చినవారికి తెలుసు. తెలిసిన మన్ను కనబడ్డ చోట ఆగారు.

కథ అబద్ధమని నేను అనను. ఏదో ఒక ఇంట్లో అలాంటి ఆపద నిజంగా వచ్చి ఉండవచ్చు. కానీ చాలామంది కలిసి, చాలా ఏళ్ళు, చిన్నచిన్నగా తీసుకున్న నిర్ణయాలు జ్ఞాపకంలో నిలవవు. ఒక ముఖం, ఒక రాత్రి, ఒక ఏరు నిలుస్తాయి. ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగితే మనం చెప్పేదీ ఇలాగే ఉంటుంది. మూడేళ్ళు పేరుకున్నది మరచిపోయి, చివరి రోజు పై అధికారి అన్న ఒక్క మాట చెబుతాం.

అపోహ: వ్యాపారం రక్తంలో ఉంటుంది.

కోయంబత్తూరు మిల్లుల పేర్లు చదివితే ఎవరికైనా ఇదే అనిపిస్తుంది. పాపనాయకన్‌పాళయం, పీళమేడు తెలుగు నాయుళ్ళు లేనిదే ఆ ఊరి నూలు చరిత్ర లేదు. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. ఇదంతా కులానికి పుట్టుకతో వచ్చిన తెలివి అని గర్వంగా చెప్పుకునేవారున్నారు. మాకు ఆ రక్తం లేదు గనుక మాకు రాదు అని చేతులు దించేసుకునేవారూ ఉన్నారు. రెండో మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

వాస్తవం: వాళ్ళ తాతలు రైతులు. పత్తి వాళ్ళ చేలోనే పండేది. దాన్ని అమ్మడం, గింజ తీయించడం, బేళ్ళు కట్టించడం ఒక్కొక్క మెట్టుగా నేర్చుకున్నారు. ఊళ్ళో మొదటి నూలు మిల్లు 1888లో ఇంగ్లీషువాడైన స్టేన్స్ పెట్టినది. మిల్లు ఎలా నడుస్తుందో కళ్ళారా చూసే అవకాశం అలా దొరికింది. 20వ శతాబ్దం మొదట్లో పొడుగు పింజ కంబోడియా పత్తి వచ్చింది. 1930ల మొదట్లో నీలగిరి కొండల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు దిగింది. ఆ తర్వాతే మిల్లులు వరసగా లేచాయి. పత్తి, కరెంటు, అప్పిచ్చే బంధువు, ముందు నడిచిన పొరుగువాడు, నాలుగూ ఒకే చోట కలిశాయి.

జేమ్స్ బెర్నా అనే పరిశోధకుడు మద్రాసు, కోయంబత్తూరు ప్రాంతాల చిన్న, మధ్యతరహా యంత్ర పరిశ్రమలను పరిశీలించి 1960లో పుస్తకం రాశాడు. వాటిని పెట్టినవాళ్ళు రకరకాల వృత్తుల నుంచి వచ్చారని, కులం కంటే పెట్టుబడి అందుబాటు, పని అనుభవం ఎక్కువ అక్కరకొచ్చాయని తేల్చాడు. కొన్నేళ్ళకు మన కాకినాడలో మరో ప్రయోగం జరిగింది. డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో అక్కడి వ్యాపారులను హైదరాబాదుకు పిలిపించి, గెలవాలన్న పట్టుదలను శిక్షణతో పెంచవచ్చా అని చూశాడు. కొద్ది రోజుల శిక్షణ తర్వాత వాళ్ళు అంతకుముందు కంటే ఎక్కువగా కొత్త పనులకు పూనుకున్నారని 1969లో రాశాడు. శిక్షణకు తామంతట ముందుకొచ్చినవాళ్ళలో ఆ చొరవ మొదటే ఉండి ఉండవచ్చు, కనుక అన్నింటికీ ఇదొక్కటే జవాబు అనలేం. అయినా పుట్టుకతో వచ్చిందే చివరి మాట అనుకునేవారు కాకినాడ వ్యాపారుల గురించి తెలుసుకోవాలి.

అపోహ: బడి మానేసి తెగించినవాడే పైకొస్తాడు.

దీనికి అందరూ చూపించే పేరు జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టాడు. బడికి సరిగా పోలేదు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడిపి, దాన్ని పెద్ద బస్సుల సంస్థగా పెంచాడు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తొలి విద్యుత్ మోటారు తయారుచేశాడు.

వాస్తవం: బడి మానేసిన వేలమందిలో మనకు కనబడేది నిలిచిన ఒక్కడే. మిగతావారి జీవితచరిత్రలు ఎవరూ రాయరు గనుక వాళ్ళు లెక్కలోకి రారు. జి.డి. నాయుడి కథలోనూ మనం దాటేసే పేజీలున్నాయి. పత్తి వ్యాపారంలో సంపాదించి, బొంబాయిలో అంతా పోగొట్టుకున్నాడు. అప్పు మీద బస్సు ఇప్పించి నిలబెట్టిన స్టేన్స్ దొర ఉన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, చదువు అక్కర్లేదని ఆయన ఎన్నడూ నమ్మలేదు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక కళాశాల రావడానికి విరాళమిచ్చింది ఆయనే. పని నేర్పడానికి అన్నేళ్ళు ఎందుకన్నదే ఆయన వాదం. ఆయన పేరు చెప్పి పిల్లాడిని బడి మాన్పించే తండ్రికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అపోహ: మిగిలితేనే దానం.

వాస్తవం: మిగిలాక చూద్దామన్నవాడికి ఎప్పుడూ మిగలదు, ఖర్చు సంపాదన వెంటే పెరుగుతుంది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకుంటూ దాన్ని అయిదు భాగాలు చేశారు. అయిదోది ధర్మానికి, ఇంకొక తమ్ముడికి ఇచ్చినట్టు. పి.ఎస్.జి. విద్యాసంస్థలన్నీ ఆ అయిదో వాటా నుంచి పెరిగినవే. పంపకం రోజునే తీసి పక్కన పెట్టారు గనుక, ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న ఏటేటా మళ్ళీ ఎదురుకాలేదు.

అపోహ: ఉచితమా, డబ్బు కట్టడమా అని ఎంచుకోమంటే ఎవరూ డబ్బు కట్టరు.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి కోవిల్‌పట్టి దగ్గర వడమలాపురంలో ఒక తెలుగు రైతు ఇంట్లో 1918లో పుట్టారు. యౌవనంలోనే కీళ్ళవాతం పట్టుకుని వేళ్ళు వంకరపోయాయి. ఆ వేళ్ళతోనే కంటి కత్తి పట్టడం నేర్చుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్ళకు విరమించి, 1976లో మధురలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. తోబుట్టువులు వెంట నడిచారు.

వాస్తవం: ఆ ఆసుపత్రిలో నీ ఆదాయమెంత, రేషన్ కార్డేదీ అని అడగరు. డబ్బు కట్టే విభాగానికి వెళ్ళాలో, ఉచిత విభాగానికి వెళ్ళాలో రోగే తేల్చుకుంటాడు. వైద్యులు రెండు చోట్లా వాళ్ళే. తేడా గదిలో ఉంది, పడకలో ఉంది. ఉచితంగా చూపించుకునేవారు చాప మీద పడుకుంటారు. స్తోమత ఉన్నవాడికి గది కావాలి, ఇంటి మనిషి పక్కన ఉండాలి, పరువు నిలవాలి. వాటికి సంతోషంగా కడతాడు. ఆ డబ్బుతో కట్టలేనివారికి వైద్యం నడుస్తుంది. ఆసుపత్రి ఇన్ని దశాబ్దాలు తన కాళ్ళ మీద తాను నిలబడిందంటే, మనుషులను దొంగలుగా ఊహించి కాగితాలు అడగనక్కర్లేదని అర్థం.

అపోహ: ఉచితంగా ఇస్తే అందరూ వస్తారు. రానివాళ్ళు మూర్ఖులు.

ఈ మాట నేను సభల్లో విన్నాను, ఆఫీసుల్లో విన్నాను, చదువుకున్న బంధువుల నోట ఎక్కువగా విన్నాను. శుక్లం ముదిరి చూపు పోతున్న ముసలామె, ఊరి బడిలో కంటి శిబిరం పెట్టినా అరుగు దిగదు. “ఇంకెన్నాళ్ళు బతుకుతాను, నాకెందుకమ్మా కన్ను?” అంటుంది. మనం దాన్ని మొండితనం అనేస్తాం.

వాస్తవం: వెంకటస్వామి గారి బృందం అలా అని ఊరుకోలేదు. మధుర చుట్టుపక్కల పల్లెల్లో, ఎలా చెబితే ఎక్కువమంది శస్త్రచికిత్సకు ఒప్పుకుంటారని రకరకాల పద్ధతులు పోల్చి చూసిన అధ్యయనం 1991లో వెలువడింది. ఉచితం అన్న మాటలో ఏమేమి కలవలేదో అది చూపింది. శస్త్రచికిత్సకు డబ్బు అక్కర్లేకపోయినా బస్సుకు కావాలి, తిండికి కావాలి, తోడు వచ్చే కొడుకు రెండు రోజుల కూలి పోతుంది. ఈ ఖర్చులు కూడా భరించిన చోట ఎక్కువమంది కదిలారు. మరొకటి కూడా బాగా పనిచేసింది. శుక్లం తీయించుకుని చూపు తిరిగొచ్చిన మనిషే గడప గడపకూ వెళ్ళి చెప్పడం. ఏ కరపత్రానికీ ఆ బలం లేదు. ముసలామె నిజంగా అడగాలనుకున్నది “కన్ను పూర్తిగా పోతుందా?” అని. దానికి జవాబు అనుభవించినవాళ్ళ దగ్గరే ఉంది.

ఆసుపత్రి పద్ధతి ఆ దారిలోనే తయారైంది. శిబిరం దగ్గరే బస్సు నిలబడి ఉంటుంది. ఒకే ఊరివాళ్ళు కలిసి ఎక్కుతారు, కలిసి పడుకుంటారు, కలిసి తిరిగొస్తారు. ఒంటరిగా మధుర ఆసుపత్రి మెట్లెక్కే భయం అక్కడే సగం తగ్గుతుంది. అద్దాలు అవసరమైనవాళ్ళకు చీటీ రాసిచ్చి పంపితే చాలామంది కొనుక్కోలేదు. శిబిరంలోనే అద్దాలు తయారుచేసి ఇస్తే తీసుకున్నారు. మనిషి మారలేదు. బజారుకు ఇంకోసారి వెళ్ళాల్సిన పని తప్పింది, అంతే. 1992లో అరోల్యాబ్ మొదలై, దిగుమతి ధరలో చిన్న వంతుకే కంటి లోపల పెట్టే లెన్సు తయారుచేశాక, మందపాటి అద్దాలు లేకుండానే చూడగలిగిన పొరుగువాళ్ళు ప్రతి వీధిలో కనబడ్డారు.

ఇంత చేశాక కూడా 1999లో వెలువడిన మరో అధ్యయనం అందరినీ ఆలోచనలో పడేసింది. కంటి ఇబ్బంది ఉన్నవాళ్ళలో శిబిరానికి వచ్చినవారు నూటికి సుమారు ఏడుగురే. ఎందుకు రాలేదని అడిగితే భయం అన్నారు, ఖర్చు అన్నారు, ఇంటి పనులన్నారు, ఇలాగే నెట్టుకొస్తున్నాం అన్నారు. ఈ జవాబుల్లో తెలివితక్కువతనం ఒక్కటీ లేదు. శిబిరం ఏడాదిలో ఒక ఆదివారం వస్తుంది. ఆ ఆదివారం మేక ఈనవచ్చు, కోడలు పుట్టింటికి పోయి ఉండవచ్చు.

ప్రజలకు అవగాహన లేదని ఇంకో ఫలకం రాయించడం తేలిక. ఆసుపత్రివాళ్ళు ఆ పని చేయలేదు. 2004 నుంచి చిన్న ఊళ్ళలో శాశ్వతంగా కంటి కేంద్రాలు తెరుస్తూ వచ్చారు. చిన్న గది, కంటి పరీక్షలో శిక్షణ పొందిన ఆ చుట్టుపక్కల పల్లె అమ్మాయి, తెర మీద మధుర నుంచి మాట్లాడే వైద్యుడు. ముసలామె ఇప్పుడు కొడుకును కూలి మానమని అడగనక్కర్లేదు. సంతకు వెళ్ళినప్పుడు తనే లోపలికి వెళ్ళి, కన్ను చూపించుకుని, పొద్దుగూకకముందే ఇంటికి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది.