వెల్టర్‌వెయిట్‌లో మొనగాడెవరు? అంకెలు చెప్పేవి, దాచేవి

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 140 పౌండ్లకు పైన, 147 పౌండ్ల (సుమారు 66.7 కిలోలు) లోపు ఉన్నవారిది వెల్టర్‌వెయిట్ విభాగం. షుగర్ రే రాబిన్సన్, షుగర్ రే లెనార్డ్, మేవెదర్, పాకియావ్, క్రాఫర్డ్ లాంటి మేటి బాక్సర్లు ఏలిన తరగతి ఇది. ఇందులో ఇద్దరు పోటీదారుల పేర్లు వినబడగానే అభిమానులు గెలుపోటముల పట్టికలు తీసి తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుల్లో చాలావాటికి మూలం కొన్ని పాత అపోహలే.

అపోహ: ఓటమి ఎరుగనివాడే గొప్పవాడు.

వాస్తవం: ఎవరితో తలపడ్డాడన్నది తెలియకపోతే ‘సున్నా ఓటములు’ అన్న మాటకు విలువ లేదు. రాబిన్సన్ వరసగా 40 పోటీలు గెలిచాక, 1943 ఫిబ్రవరిలో జేక్ లామొట్టా చేతిలో ఓడాడు. లామొట్టా మిడిల్‌వెయిట్. ఆ రోజు రాబిన్సన్ కన్నా సుమారు 16 పౌండ్లు ఎక్కువ బరువున్నాడు. ఆ తర్వాత 1951 జులైలో రాండీ టర్పిన్ ఓడించేదాకా రాబిన్సన్‌కు మరో ఓటమి లేదు. తన తరగతి దాటి, తనకన్నా బరువైనవాడితో పోరాడి ఓడినందుకు అతని స్థాయి తగ్గలేదు. చరిత్రలోనే అత్యుత్తమ వెల్టర్‌వెయిట్ అని నేటికీ ఎక్కువమంది చెప్పేది అతని పేరే.

అపోహ: ‘అ’ను ‘ఆ’ ఓడించాడు, ‘ఆ’ను ‘ఇ’ ఓడించాడు. కాబట్టి ‘అ’ మీద ‘ఇ’ గెలుపు ఖాయం.

వాస్తవం: ఈ లెక్కను వెల్టర్‌వెయిట్ చరిత్రే తప్పని తేల్చింది. 2007 నవంబరులో షేన్ మోస్లీని మిగెల్ కోటో ఓడించాడు. 2008 జులైలో కోటోను ఆంటోనియో మార్గరీటో 11వ రౌండులో ఆపేశాడు. అలాగైతే మోస్లీ మీద మార్గరీటో సునాయాసంగా గెలవాలి. కానీ 2009 జనవరిలో మార్గరీటోను మోస్లీయే 9వ రౌండులో చిత్తుచేశాడు. ఒకరి శైలి ఇంకొకరికి పొసగకపోవడం ఇందుకు ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. మోస్లీతో పోటీకి ముందు మార్గరీటో చేతికట్లలో నిషిద్ధమైన గట్టి పదార్థం బయటపడింది. కాలిఫోర్నియా కమిషన్ అతని లైసెన్సు రద్దు చేసింది. దాంతో కోటో మీద అతను సాధించిన గెలుపు పైనా అనుమానాలు లేచాయి. పట్టికలో మాత్రం అది ‘గెలుపు’గానే ఉంటుంది.

అపోహ: నాకౌట్లు ఎక్కువున్నవాడిదే పైచేయి.

వాస్తవం: 1981 సెప్టెంబరు 16న లాస్ వెగాస్‌లో లెనార్డ్‌తో తలపడేనాటికి టామీ హర్న్స్ ఆడిన 32 పోటీల్లో 32 గెలిచాడు. వాటిలో 30 నాకౌట్లు. విచిత్రమేమిటంటే, ఆ రాత్రి హర్న్స్ చాలాసేపు తన పిడిగుద్దుల కన్నా పొడవాటి చేతులనూ దూరాన్నీ నమ్ముకుని, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ముందున్నాడు. 14వ రౌండులో ఆపేసింది మాత్రం లెనార్డ్. అప్పట్లో టైటిల్ పోటీలు 15 రౌండ్లు, ఇప్పుడు 12. నేటి నిబంధనల్లో అయితే అదే పోటీ హర్న్స్ గెలిచి ఉండేవాడు. వేర్వేరు కాలాల బాక్సర్లను పోల్చేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు.

అపోహ: ఆకారంలో పెద్దవాడు, సహజంగా బరువైనవాడు గెలుస్తాడు.

వాస్తవం: 2023 జులై 29న క్రాఫర్డ్, ఎరల్ స్పెన్స్ తలపడినప్పుడు చాలామంది అన్నదిదే. క్రాఫర్డ్ 135 పౌండ్ల తరగతి నుంచి పైకొచ్చినవాడు, స్పెన్స్ మొదటి నుంచీ వెల్టర్‌వెయిటే. స్పెన్స్ పొడవైనవాడు కూడా. అయితే చేతుల చాపు క్రాఫర్డ్‌దే ఎక్కువ. క్రాఫర్డ్ రెండో రౌండులో ఒకసారి, ఏడో రౌండులో రెండుసార్లు స్పెన్స్‌ను నేలకూల్చాడు. తొమ్మిదో రౌండులో రిఫరీ పోటీ ఆపేశాడు. నిర్ణయించినవి సమయజ్ఞానం, ఎదురుదెబ్బలో కచ్చితత్వం. ఇద్దరి కొలతల పట్టికలో వాటికి గడి లేదు.

అపోహ: ర్యాంకింగుల్లో పైనున్నవాడే అసలైన పోటీదారు.

వాస్తవం: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు సంస్థలు, ఎవరి జాబితా వారిది. ఒక సంస్థ ఛాంపియన్‌కు ఇంకో సంస్థ జాబితాలో చోటుండదు. 2021 ఆగస్టులో ఉగాస్ చేతిలో ఓడి తప్పుకున్న పాకియావ్, దాదాపు నాలుగేళ్లు ఒక్క ప్రొఫెషనల్ పోటీ కూడా ఆడకుండానే 2025 జులైలో డబ్ల్యూబీసీ టైటిల్ పోటీకి దిగాడు. 46 ఏళ్ల వయసులో మారియో బారియోస్‌తో డ్రా చేసుకోవడం అతని గొప్పతనమే. కానీ ఆ నాలుగేళ్లూ అదే తరగతిలో పోరాడుతూ వరుసలో నిలబడ్డ కుర్రాళ్లకు అది న్యాయం కాదు.

అపోహ: వెల్టర్‌వెయిట్ అంటే ఎక్కడైనా ఒకే బరువు.

వాస్తవం: టోక్యో ఒలింపిక్స్‌లో మన లవ్లీనా బోర్గోహెయిన్ కాంస్యం గెలిచిన వెల్టర్‌వెయిట్ పరిమితి 69 కిలోలు. ప్రొఫెషనల్ పరిమితి కన్నా రెండు కిలోలకు పైగా ఎక్కువ. పైగా ప్రొఫెషనల్ బాక్సర్లను సాధారణంగా పోటీకి ముందురోజు తూస్తారు. 147 తూగినవాడు నీళ్లు, ఆహారం తీసుకుని మర్నాటి రాత్రికి అంతకన్నా బరువుగా రింగులోకి వస్తాడు.

కాబట్టి ఇద్దరు వెల్టర్‌వెయిట్లను పోల్చాలనుకున్నప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని ఓడించాడు? ప్రత్యర్థి ఏ వయసులో, ఏ స్థితిలో ఉండగా ఓడించాడు? తన శైలికి పొసగని బాక్సర్ ఎదురైనప్పుడు ఏం చేశాడు? వీటికి జవాబులు దొరికాకే పట్టిక తెరవండి. వీలైతే ఆ పాత పోటీలను మొదటి గంట నుంచి చివరి గంట దాకా చూడండి. రింగులో ప్రాణాలొడ్డి పోరాడేవారికి అభిమానులుగా మనం ఇవ్వాల్సిన కనీస గౌరవం అది.