అరచేతిలో చెక్కిన పేరు

నంద్యాలలో బస్సెక్కితే ఆళ్లగడ్డకు గంట ప్రయాణం. ఆదివారం ఆరాధనల అలసట ఇంకా తీరకముందే, ప్రతి సోమవారం నేను ఆ దారి పడతాను. మా అమ్మ ఆళ్లగడ్డలో మా అన్న, వదినల దగ్గర ఉంటుంది. చిత్రమేమిటంటే కిటికీ పక్కనే కూర్చున్నా శిరివెళ్ల ఎప్పుడు దాటిందో నాకు చాలాసార్లు తెలియదు. కళ్లు తెరిచే ఉంటాయి. కండక్టరు ఇచ్చిన చిల్లర లెక్క చూసుకునే తీసుకుంటాను. కాని మనసు మాత్రం నిన్నటి ప్రసంగంలో దొర్లిన పొరపాటు దగ్గరో, రేపటి కమిటీ సమావేశం దగ్గరో ఉంటుంది. దిగాల్సిన చోటు వచ్చాక ఉలిక్కిపడి సంచి వెతుక్కుంటాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2,250 మందిని రోజులో ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ ద్వారా పలకరించి, ఈ క్షణంలో ఏం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు చేతిలో ఉన్న పని ఒకటి, మనసులో ఉన్న మాట మరొకటి! అంటే మెలకువగా ఉన్న సమయంలో ఇంచుమించు సగం మనం ఉన్నచోట ఉండడం లేదన్నమాట. అలా మనసు తిరుగుళ్లు తిరిగే వేళ మనిషి సంతోషం కూడా తక్కువేనని వారు గమనించారు.

అన్నీ గుర్తున్న నా మనసు సంగతి ఇది. ఏమీ గుర్తులేని మా అమ్మ మనసు సంగతి వేరు.

మా అమ్మకు ఎనభై రెండేళ్లు. మిషన్ బడిలో టీచరుగా పనిచేసింది. ఎక్కాలు, పద్యాలు, బైబిలు వచనాలు వందలమంది పిల్లలకు కంఠతా పట్టించిన మనిషి. ఐదేళ్ల కిందట మొదట స్టవ్ మీద పాలు మరచిపోయింది. తర్వాత గుడికి వెళ్లే దారి మరచిపోయింది. ఆ తర్వాత ఒకరోజు నన్ను చూసి, ‘ఎవరు నాయనా నువ్వు? ఏ ఊరు?’ అని ఎంతో మర్యాదగా అడిగింది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడిందని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు మనది ఇంకా కర్నూలు జిల్లానే. దానికి అందరం నవ్వుకుంటాం. కాని కన్నకొడుకును ఏ ఊరని అడిగితే నవ్వు రాదు.

డాక్టర్లు పరీక్షలు చేసి అల్జీమర్స్ అన్నారు. మతిమరుపంతా ఇదే కాదు. థైరాయిడ్ లోపం వల్లో, బి12 విటమిన్ తక్కువై వచ్చే మరుపు చికిత్సతో నయం కావచ్చు. అందుకే ముసలితనంలో ఇది మామూలేలే అనుకోకుండా డాక్టరుకు చూపించడం అవసరం. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, ఇటువంటి మతి క్షీణత ఉందని 2023లో ప్రచురితమైన ఒక అంచనా. ప్రతి సంఘంలో, ప్రతి వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందనే అనుకోవాలి.

ఈ జబ్బును మొదట వివరంగా గుర్తించిన జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జీమర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అగస్తె అనే స్త్రీని ఆయన ఎదుట కూర్చోబెట్టారు. ఆమె వయసు 51, ఇంచుమించు ఇప్పటి నా వయసే. పేరేమిటి, భర్త పేరేమిటి అని ఆయన అడుగుతూ జవాబులు రాసుకున్నాడు. పేరు రాయమంటే ఆమె పూర్తిగా రాయలేకపోయింది. తనను తానే పోగొట్టుకున్నానని ఆమె చెప్పుకొనేదట. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరిశీలించి, ఆ ఏడాది నవంబరులోనే తాను చూసినదాన్ని ఆయన తోటి వైద్యుల ముందుంచాడు.

తనను తానే పోగొట్టుకోవడం! ఈ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. మనిషి అంటే అతని మనసే అయితే, మనసంటే అతని జ్ఞాపకాలే అయితే, జ్ఞాపకాలు పోయాక మిగిలిందెవరు? పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ తన ఉనికికి తన ఆలోచననే రుజువుగా చూపాడు. వేదాంత కళాశాలలో ఆ పాఠం చదివినప్పుడు గొప్పగా తోచింది. అమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు అదే పాఠం భయపెట్టింది. ఆలోచనే రుజువైతే, ఆలోచన తెగిపోయిన ఈ తల్లి సంగతేమిటి?

ఆ భయంలోనే నేనొక తప్పు చేశాను. వెళ్లిన ప్రతిసారీ అమ్మకు పరీక్ష పెట్టేవాణ్ణి. ‘అమ్మా, నేనెవరు చెప్పు? నా పేరేంది? నిన్న ఎవరొచ్చినారు?’ ఆమె నా ముఖం వైపు చూసేది, పెదవులు కదిపేది, చివరికి తల దించుకునేది. జీవితమంతా పిల్లలను ప్రశ్నలడిగిన టీచరును నేను రోజూ తప్పే విద్యార్థిని చేశాను. అదంతా ఆమె మెదడుకు మేలు చేసే పని అనుకున్నాను. నిజానికి నాకు కావలసింది ఆమె నోట నా పేరు వినడమే.

ఒకరోజు వదిన నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. ‘నువ్వు వచ్చిపోయినాక అత్త పొద్దుగూకేదాకా ఏడుస్తాది. ఎందుకమ్మా అంటే తెలీదు అంటాది. నువ్వొచ్చింది కూడా గ్యాపకముండదు, ఏడుపు మాత్రం ఉంటాది.’

దీనికి వైద్యశాస్త్రంలో వివరణ ఉంది. మెదడు లోపల ఇరువైపులా సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే హిప్పోకాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను నిలబెడుతుంది. అల్జీమర్స్ తొలి దశలోనే దెబ్బతినే భాగాల్లో అదొకటి. అందుకే నిన్నటి సంగతి పోయి చిన్ననాటి సంగతి మిగులుతుంది. అయితే అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 2014లో జరిగిన అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. అల్జీమర్స్ ఉన్నవారికి దుఃఖం కలిగించే చిత్రాలు, నవ్వు తెప్పించే చిత్రాలు చూపించారు. కాసేపటికే ఏం చూశారో వారు మరచిపోయారు. కాని ఆ చిత్రాలు కలిగించిన దుఃఖం, సంతోషం మాత్రం వారిలో నిలిచే ఉన్నాయి. సంఘటన చెరిగిపోయినా దాని తడి ఆరలేదు. అంటే, ఆమెకు ఎలాగూ గుర్తుండదులే అని మనం విసుక్కునే ప్రతి మాటా ఆమె లోపల ఎక్కడో మిగులుతూనే ఉంది. మనం చూపే ప్రేమ కూడా అంతే!

ఇంకో పరీక్ష కూడా నేను పెట్టాను. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఈస్టర్ తర్వాతి సోమవారం ఆ వీధిలోనే మంచం పట్టిన ఒక పెద్దాయనకు ప్రభు భోజన సంస్కారం ఇచ్చి ఇంటికి వచ్చాను. రొట్టె, ద్రాక్షారసం ఇంకా ఉన్నాయి. ‘అత్తకు ఇయ్యవా?’ అని అడిగింది వదిన. నేను తటపటాయించాను. ‘ఇది ప్రభువును జ్ఞాపకం చేసుకుని తీసుకునేది గదా వదినా. ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకుని తీసుకోవాలని పౌలు రాసినాడు. అమ్మకు ఏం తీసుకుంటున్నదో కూడా తెలీదు’ అన్నాను. వదిన చేతిలోని చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. ‘చంటిబిడ్డ అమ్మను గుర్తుపట్టినాకనే పాలిస్తామా? అత్తకు దేవుడు గ్యాపకం లేకపోతే ఏం, దేవునికి అత్త గ్యాపకం ఉండాది గదా!’ అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. బయట శిల్పుల షెడ్డులో రాయి మీద ఉలి దెబ్బలు టక్, టక్‌మని వినిపిస్తున్నాయి. ఆళ్లగడ్డ శిల్పులకు పేరున్న ఊరు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వింటూ పెరిగాం కాబట్టి మామూలుగా అది మా చెవికి ఎక్కదు. ఆ రోజు ఎక్కింది. యెషయా గ్రంథంలోని ఒక మాట గుర్తుకొచ్చింది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో యెరూషలేము కూలిపోయి, జనం బబులోనులో చెరలో మగ్గుతున్నప్పుడు, దేవుడు మమ్మల్ని మరచిపోయాడని వారు మొరపెట్టుకున్నారు. తల్లి తన బిడ్డను మరచినా తాను మరువనని, వారిని తన అరచేతుల మీద చెక్కుకున్నానని దేవుడు జవాబిచ్చాడు (యెషయా 49:14-16). అక్కడ వాడిన హెబ్రీ మాటకు గట్టి వస్తువు మీద తొలిచి చెక్కడం అని అర్థం. పలక మీద రాసింది తడిగుడ్డతో చెరిగిపోతుంది. రాతి మీద ఉలితో చెక్కింది వానకు చెరగదు, ఎండకు చెరగదు. ఈ సంగతి ఆళ్లగడ్డ వారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఎన్నోసార్లు ఈ వాక్యం మీద ప్రసంగించాను. తల్లి మరచిపోవడమనేది జరగని పనికి ఉపమానంగా చెప్పారనే అనుకునేవాణ్ణి. కాని అది జరుగుతుంది. మా ఇంట్లోనే జరిగింది. దేవుడు తన మాట చెప్పింది సరిగ్గా అలాంటి ఇళ్లకే!

బైబిలులో దేవుడు జ్ఞాపకం చేసుకోవడమంటే మనసులో తలచుకుని ఊరుకోవడం కాదు. ఓడలో ఉన్న నోవహును దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు, గాలి వీచింది, నీళ్లు తగ్గాయి (ఆదికాండము 8:1). సిలువ మీద దొంగ యేసును కోరింది కూడా తనను జ్ఞాపకం చేసుకోమనే (లూకా 23:42). అతనికి అప్పుడు తన గతాన్ని దిద్దుకునే వ్యవధి లేదు, భక్తి పరీక్ష రాసే సమయం లేదు. ఆధారమల్లా తాను ఎంత గుర్తుపెట్టుకున్నాడన్నది కాదు, తననెవరు గుర్తుపెట్టుకున్నారన్నదే.

మరి పౌలు చెప్పిన పరీక్ష సంగతి? ఆ రాత్రి నంద్యాలకు తిరిగొచ్చాక మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదివాను. కొరింథు సంఘంలో కొందరు ముందే వచ్చి కడుపునిండా తిని తాగేవారు. పేదలు ఆకలితో నిలబడేవారు. పక్కనున్న ఆ సహోదరులు క్రీస్తు శరీరంలో భాగమని గుర్తించకపోవడమే వారి తప్పు. తమను తాము పరీక్షించుకొమ్మని పౌలు చెప్పింది ఈ గొడవ మధ్యనే. అది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు. ‘నీ పక్కనున్న వారిని గుర్తించావా?’ అన్నది ప్రశ్న. ఆ పరీక్షలో తప్పింది అమ్మ కాదు. అన్నీ గుర్తున్న నేనే!

మరుసటి సోమవారం రొట్టె విరిచి అమ్మ చేతిలో పెట్టాను. చెయ్యి వణికింది. రొట్టెను కాసేపు చూసి, సగం తుంచి నా వైపు చాపింది. ‘నువ్వు తిన్యావా నాయనా? ఎండకు పడి వచ్చినట్టుండావు’ అంది. నా పేరు ఆమెకు తెలియదు. ఎదుటివాడు ఆకలితో ఉన్నాడేమో అడగాలని మాత్రం తెలుసు. ఇద్దరం కలిసి తిన్నాం. ఇరవై ఏళ్లకు పైగా సంస్కారం ఇస్తున్న నాకు, ఆ రోజు ఇచ్చిందెవరో, పుచ్చుకుందెవరో తేల్చుకోవడం కష్టమైంది.

అన్ని రోజులూ అలా ఉండవు. కొన్ని సోమవారాలు ఆమె నన్ను చూసి భయపడి గోడ వైపు తిరుగుతుంది. కొన్ని రాత్రులు వదినకు నిద్ర ఉండదు. వారానికి ఒక గంట వచ్చి పోయే నేను వేదాంతం రాస్తున్నాను. పగలూ రాత్రీ స్నానం చేయించి, ముద్దలు కలిపి తినిపించేది వదిన. జ్ఞాపకం చేసుకోవడమంటే చేతులతో చేసే పని అని నాకు నేర్పింది ఆమే. ఆ తర్వాతే నెలకు కొన్ని రోజులు అమ్మను నంద్యాలకు తెచ్చి మా ఇంట్లో ఉంచుకుంటున్నాం. వదిన ఆ రోజుల్లో తన పుట్టింటికి వెళ్లి నిద్రపోయి వస్తుంది.

ఇప్పుడు పరీక్షలు మానేశాను. లోపలికి వెళ్లగానే చెప్పులు విడిచి, అమ్మ కళ్లకు ఎదురుగా కూర్చుని, ‘అమ్మా, నేను నీ చిన్నకొడుకును. నంద్యాల నుంచి నిన్ను చూడను వచ్చినాను’ అంటాను. ‘అట్లనా! మంచిదయింది నాయనా’ అంటుంది. మళ్లీ పది నిమిషాలకు ఎవరని అడిగితే మళ్లీ చెబుతాను. బస్సులో ఊళ్లు పట్టుకుని తిరిగే నా మనసు ఆమె ముందు కూర్చున్నప్పుడు మాత్రం అక్కడే ఉంటుంది. ఎందుకంటే ఆమెకు నిన్న లేదు, రేపు లేదు. ఆమెను కలవాలంటే నేను కూడా ఈ క్షణంలోకి రావాల్సిందే.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి పెద్దలు ఉంటే ఈ వారం ఒకసారి వెళ్లండి. నన్ను గుర్తుపట్టావా అని అడగకండి. మీ పేరు మీరే చెప్పండి. వారి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోండి. వారిని చూసుకుంటున్న కోడలికో కూతురికో, ‘ఈ పూట నేనుంటాను, నువ్వు కాస్త పడుకో’ అనండి. మీరు వచ్చిన సంగతి ఆ పెద్దలు సాయంత్రానికి మరచిపోవచ్చు. మీరు తెచ్చిన నెమ్మది మాత్రం వారి దగ్గర ఉంటుంది.

రేపు మన మనసు కూడా మన చేతి నుంచి జారిపోవచ్చు. మన పేరు మనకే తెలియని రోజు రావచ్చు. ఆ రోజున కూడా అది పోదు. చెక్కిన చెయ్యి మనది కాదు గనుక!