ముసలి పిల్లి రాత్రిపూట ఎందుకు అరుస్తుంది?

ఖరగ్‌పూర్‌లో రాత్రికి నిశ్శబ్దం అంటూ ఉండదు. గూడ్సు బళ్ళ షంటింగ్ చప్పుడు, ఇంజన్ల కూతలు, స్టేషను మైకులో ఒకదాని వెంట ఒకటిగా వచ్చే ప్రకటనలు. ఇన్నిటి మధ్యా రైల్వే క్వార్టర్లలో జనం హాయిగా నిద్రపోతారు. అలవాటైన చప్పుడును మెదడు పట్టించుకోదు. కాని రాత్రి మూడు గంటలకు ఇంట్లో ముసలి పిల్లి గొంతెత్తి సాగదీసి అరిచిందంటే మాత్రం ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. రైలు కూతకు లేవనివాళ్ళు పిల్లి కూతకు ఎందుకు లేస్తారు?

దీనికి పాక్షికంగా ఒక జవాబు ఉంది. 2009లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పిల్లి తిండి అడిగేటప్పుడు చేసే గురగురలో పసిపిల్ల ఏడుపును పోలిన సన్నని ధ్వని కలిసి ఉంటుందని గమనించారు. పిల్లులను ఎన్నడూ పెంచనివారికి కూడా ఆ గురగుర మామూలు గురగుర కంటే తొందరపెట్టేదిగా తోచింది. పిల్లి ‘మ్యావ్’ కథ ఇంకా చిత్రమైనది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి ఈ కూత కూసుకోవడం చాలా అరుదు. అది కూన తల్లిని పిలిచే పిలుపు. మనిషి పంచన చేరిన పిల్లి ఆ పిలుపును పెద్దయ్యాక కూడా విడిచిపెట్టలేదు. మన కోసం దాచుకుంది.

ఇప్పుడు మథురాకాటి క్వార్టర్లలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. ముత్తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వర్కుషాపులో పనికి వచ్చాడు. ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలు చాలావరకు ఇలా ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవే. ఇంటి పెద్ద గూడ్సు లోకోపైలట్. వేళాపాళా లేని డ్యూటీ. ఇంట్లో నానమ్మ, అమ్మ, పదో తరగతి చదివే అమ్మాయి, పదిహేనేళ్ళ పిల్లి. రెండు నెలలుగా పిల్లి రాత్రిళ్ళు అరుస్తోంది. అమ్మకు అది అపశకునం. నానమ్మ లేచి ఓ చేప తలకాయ పడేసి నోరు మూయిస్తుంది. ఎర్ర సిగ్నలు దగ్గర కునుకు పట్టకూడని ఉద్యోగం నాన్నది; ఆయనకు ఇది మామూలు చికాకు కాదు. ఇక పెదనాన్న సలహా మీరు ఊహించే ఉంటారు: గోనెసంచిలో కట్టి కసాయి నది వంతెన దాటించి వదిలెయ్యడం. పక్కింటి బెంగాలీ ఆవిడ మాత్రం ‘అమ్మో, పిల్లి షష్ఠీదేవి వాహనం’ అంటూ చెంపలు వేసుకుంటుంది. బెంగాలులో పిల్లల్ని కాపాడే దేవత ఆవిడ.

శకునాన్నీ సంచినీ కాసేపు పక్కన పెట్టి, ఆ పిల్లి ఒంట్లో ఏం జరుగుతున్నదో చూద్దాం.

ఒంట్లో ఉన్న గడియారం

పిల్లి రాత్రిపూట తిరిగే జంతువని అందరూ అంటారు. నిజానికి అది సంధ్యవేళల జంతువు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ చురుకుగా ఉంటుంది. దాని వేట అయిన ఎలుకలు తిరిగే వేళలూ అవే కదా! మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉంటే చాలు, పిల్లికి కనబడుతుంది. కంటిపొర వెనుక అద్దంలాంటి పొర ఉండి, ఒకసారి దాటిపోయిన కాంతిని తిప్పి పంపుతుంది. చీకట్లో పిల్లి కళ్ళు మెరిసేది అందుకే. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల కోసం వచ్చి మనిషికి చేరువైన జీవి ఇది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు బయటపడ్డాయని 2004లో ప్రకటించారు. ఆ సమాధి వయసు సుమారు 9,500 ఏళ్ళు.

నిద్ర, మెలకువలను నడిపే గడియారం మెదడు అడుగుభాగాన, హైపోథాలమస్‌లో ఉన్న చిన్న కణాల గుంపు. 1972లో ఎలుకల మెదడులో ఈ భాగాన్ని దెబ్బతీసి చూస్తే, వాటి దినచర్య చెల్లాచెదురైంది. ఈ గడియారాన్ని కంటి ద్వారా వచ్చే వెలుతురు రోజూ సరిచేస్తూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ గడియారం సంకేతాలు బలహీనపడతాయి. మీ తాతగారు మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీసి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చోవడం చూసే ఉంటారు. పదిహేనేళ్ళ పిల్లి అంటే మన లెక్కలో ఇంచుమించు డెబ్బై ఆరేళ్ళ మనిషి.

కాని కేవలం మెలకువ రావడం వేరు, గొంతు చించుకుని అరవడం వేరు. అరుపుకు వేరే కారణాలు వెతకాలి.

అరుపు వెనుక జబ్బు

గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి ముసలి పిల్లుల్లో తరచు అతిగా పనిచేస్తుంది. ఈ జబ్బును 1979లో అమెరికాలో తొలిసారి స్పష్టంగా వర్ణించారు. చాలాసార్లు గ్రంథిలో పెరిగిన హానిలేని గడ్డే దీనికి మూలం. హార్మోను ఎక్కువైతే ఒంట్లో పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. పిల్లి విపరీతంగా తింటుంది, అయినా చిక్కిపోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒకచోట నిలవలేదు, రాత్రిళ్ళు తిరుగుతూ అరుస్తుంది. ‘ముసలిదైనా ఎంత బాగా తింటోందో’ అని ఇంట్లోవాళ్ళు మురిసిపోయేది ఈ దశలోనే.

రెండవది మూత్రపిండాల క్షీణత. మూత్రాన్ని చిక్కపరిచే శక్తి తగ్గితే నీరు ఎక్కువగా పోతుంది, దాహం పెరుగుతుంది. ఈ రెండు జబ్బులలో ఏదైనా రక్తపోటును పెంచవచ్చు. పెరిగిన రక్తపోటు కంటిలోని రెటీనాను ఊడదీస్తుంది. నిన్నటిదాకా చూపున్న పిల్లి ఇవాళ గుడ్డిదైపోతుంది! దీపం దగ్గర పెట్టినా కంటిపాప పెద్దదిగానే ఉంటే అనుమానించాలి. అది ఆ రోజే డాక్టరుకు చూపించవలసిన సంగతి. వెంటనే మందు పడితే కొంత చూపైనా దక్కే అవకాశం ఉంది.

కీళ్ళ నొప్పుల సంగతి మనం దాదాపు గుర్తించనే గుర్తించం. 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే తొంభైటిలో కీళ్ళు అరిగిన గుర్తులు కనిపించాయి. పిల్లి కుంటుతూ నడవదు. గోడ ఎక్కడం మానేస్తుంది, అంతే. ‘పెద్దతనం వచ్చింది, బుద్ధొచ్చింది’ అనుకుంటాం.

చెవుడు కూడా కారణం కావచ్చు. తన గొంతు తనకే వినబడకపోతే ఎవరైనా గట్టిగా మాట్లాడతారు.

ఇవేవీ కాకపోతే మిగిలేది మెదడు. మనుషుల్లో ఆల్జీమర్ వ్యాధిలో కనిపించే బీటా అమిలాయిడ్ అనే ప్రొటీను ముసలి పిల్లుల మెదళ్ళలోనూ పేరుకుంటుంది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లులలో సుమారు 28 శాతం, పదిహేను దాటినవాటిలో సగానికి సగం ఈ మతిమరుపుకు సంబంధించిన ఒక్క లక్షణమైనా చూపుతాయని ఒక అంచనా. పదిహేను దాటినవాటిలో ఎక్కువగా కనిపించేవి గమ్యం లేకుండా తిరగడం, ఊరకే అరవడం. మన పిల్లి ఏ గదిలో ఉన్నదో మరిచిపోయి, చీకట్లో గోడకు ఎదురుగా నిలబడి పిలుస్తోందేమో!

పుస్తకం, పెన్సిలు, కిరాణా కొట్టు కాటా

ఇక్కడ పదో తరగతి అమ్మాయికి పని పడింది. రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో ఇలా రాయాలి: ఏ వేళకు అరిచింది, ఎక్కడ నిలబడి అరిచింది, ఎటు చూస్తోంది, ఎవరు ఏం చేశారు, ఎప్పుడు ఆగింది. నీళ్ళు కొలిచి పోయాలి, మిగిలింది కొలవాలి. నాలుగు కిలోల పిల్లి రోజుకు 200 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే అనుమానించవలసిందే. వారానికోసారి తూకం వెయ్యాలి. మనిషి ఎక్కే యంత్రం మీద పిల్లిని ఎత్తుకుని నిలబడి లెక్క తీసివేయడం సులువే కాని, ఆ యంత్రం అరకిలో అటూ ఇటూ చూపితే లెక్కంతా వృథా. కిరాణా కొట్టు కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేస్తే సరి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు.

ఈ పుస్తకం చేతిలో ఉంటే డాక్టరు పని సగం అయినట్టే. ఊళ్ళోని పశువైద్యుడు రక్తపరీక్ష, రక్తపోటు చూసే ఏర్పాటు లేదంటే హౌరా బండి ఎక్కవచ్చు. కలకత్తాలోని బెల్గాచియాలో 1995లో ఏర్పడిన పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉంది. థైరాయిడ్‌కూ రక్తపోటుకూ మందులున్నాయి. మూత్రపిండాలను బాగుచెయ్యలేం గాని, తిండి మార్చి, నీరు సరిపడా అందించి క్షీణతను నెమ్మదింపజేయవచ్చు.

ఒక హెచ్చరిక. నొప్పితో అరుస్తోందని జాలిపడి, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ముక్కను పాలలో కలిపి పెట్టేవారున్నారు. ఈ మందును విరిచి బయటికి పంపడానికి మన కాలేయంలో సమృద్ధిగా ఉండే ఒక ఎంజైము పిల్లికి చాలా తక్కువ. విషపదార్థం పేరుకుని రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్ళు నీలంగానో గోధుమరంగుగానో మారతాయి. ఒక్క బిళ్ళ ప్రాణం తీయగలదు. నిద్రమాత్రలూ అంతే, డాక్టరు చెప్పకుండా వద్దు. ఉల్లి, వెల్లుల్లి దట్టించిన చేపల కూర కూడా దానికి పెట్టరాదు. అవి ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. ఉడికించిన ఉత్త చేప పెట్టండి.

నానమ్మ చేప తలకాయ

జబ్బు లేదని తేలినా, మందుతో నెమ్మదించినా, అలవాటు మిగిలిపోతుంది. ఆ అలవాటు ఎవరు నేర్పారు? నానమ్మే.

ఖరగ్‌పూర్‌కు ఇంచుమించు రైలుపట్టాలు వస్తున్న కాలంలోనే, 1898లో, అమెరికాలో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆకలిగొన్న పిల్లులను చెక్కపెట్టెల్లో పెట్టి చూశాడు. గొళ్ళెం లాగితే తలుపు తెరుచుకుంటుంది, బయట తిండి ఉంటుంది. మొదట పిల్లి గీకి, రక్కి, యాదృచ్ఛికంగా గొళ్ళెం లాగేది. మళ్ళీ మళ్ళీ పెడితే నేరుగా గొళ్ళెం దగ్గరికే పోయేది. ఫలితమిచ్చిన పని నిలిచిపోతుంది, ఇవ్వనిది రాలిపోతుంది. మన ఇంట్లో గొళ్ళెం అరుపు, తలుపు నానమ్మ.

ఒక రోజు పెట్టి రెండు రోజులు పెట్టకపోతే పోతుందిలే అనుకుంటారు. అది మరీ చెడ్డపద్ధతి. ఎప్పుడో ఒకసారి దక్కే ఫలితం కోసం చేసే పని అన్నిటికంటే మొండిగా నిలుస్తుందని ఆ తరువాత స్కిన్నర్ ప్రయోగాలు తేల్చాయి. లాటరీ టికెట్లు కొనేవారిని చూస్తే అర్థమవుతుంది. ఇంకో చిక్కు ఉంది. అరుపుకు ఫలితం ఆపేసిన తొలిరోజుల్లో అరుపు తగ్గదు, పెరుగుతుంది. చాలా ఇళ్ళలో సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు లొంగిపోతారు. పిల్లి మరింత గట్టిగా అరవాలని నేర్చుకుంటుంది.

అయితే పట్టించుకోకపోవడం అన్ని అరుపులకూ మందు కాదు. ఇక్కడే నోటుపుస్తకం పనికొస్తుంది. వంటింటి గుమ్మంలో నిలబడి, మీ ముఖం చూస్తూ, తిండి పడగానే ఆగే అరుపు నేర్చుకున్న అరుపు. ఎవరినీ చూడకుండా, మూలన నిలబడి, మీ గొంతు వినగానో చెయ్యి తగలగానో ఆగే అరుపు దారి తప్పినదాని అరుపు. మొదటిదానికి కదలకూడదు. రెండవదానికి ఒకసారి మెల్లగా పలకరించి, ఒళ్ళు నిమిరి, దాని పక్క మీదికి చేర్చాలి. తిండి మాత్రం వద్దు. కొట్టడం, నీళ్ళు చల్లడం రెండింటికీ పనికిరావు. భయం కలిస్తే అరుపు పెరుగుతుందే కాని తగ్గదు.

రాత్రి తిండి ఆపాలంటే దాన్ని ముందుకు జరపాలి. అడవిలో పిల్లి వేటాడుతుంది, తింటుంది, ఒళ్ళు నాక్కుంటుంది, నిద్రపోతుంది. ఇదే వరుసను ఇంట్లో కల్పించవచ్చు. సాయంత్రం తాడు ముక్కో కాగితపు ఉండో నేల మీద లాగుతూ పది నిమిషాలు ఆడించండి. ముసలిది గెంతదు, పంజాతో కొడుతుంది, అది చాలు. పడుకోబోయే ముందు పెద్ద భోజనం పెట్టండి. పగలు గంటల తరబడి నిద్రపోతుంటే మధ్యలో ఒకటి రెండుసార్లు లేపి వెలుతురులో కూర్చోబెట్టండి. రాత్రి నడవాలో ఒక చిన్న దీపం ఉంచితే చూపు మందగించిన పిల్లికి దారి తెలుస్తుంది. పక్క వెచ్చగా ఉండాలి, మలమూత్రాలకు ఇసుక పోసిన తొట్టి అంచు తక్కువగా ఉండాలి, నీళ్ళ గిన్నె దగ్గర్లో ఉండాలి. ఇంట్లో సామాను చోట్లు మార్చకండి.

ఫలితం రెండు మూడు రోజుల్లో రాదు, వారాలు పడుతుంది. అంతదాకా నాన్న నిద్ర మాటేమిటి? డ్యూటీ ముందు రోజుల్లో పిల్లి పక్కను ఆయన గదికి దూరంగా, తలుపు వేసిన వంటింట్లో, నీళ్ళు, తొట్టి, దీపంతో సహా ఏర్పాటు చేయాలి. ఇంకొక మాట. ఇన్నాళ్ళూ పిల్లికి అన్నం పెట్టేది నాన్నే అయితే, చిక్కులో కొంత అక్కడే ఉంది. ఒక రోజు రాత్రి రెండింటికి, ఇంకో రోజు తెల్లవారి అయిదింటికి డ్యూటీ దిగివచ్చే మనిషి చేతి ముద్ద కోసం ఎదురుచూసే పిల్లికి, ప్రతి రాత్రీ ప్రతి గంటా భోజనవేళే. ఆ పని రోజూ తొమ్మిదిన్నరకు పడుకునే నానమ్మకు అప్పగించాలి, చేప తలకాయతో సహా.