వినిపించే గొంతులు, వినిపించని గొంతులు: ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయపు ధ్వనిముద్రణలు

1. పరిచయం

చారిత్రక ఆధారం అనగానే మనకు శాసనం, తాళపత్రం, ఉత్తరం, ప్రభుత్వ దస్త్రం గుర్తుకు వస్తాయి. ఇవన్నీ కంటితో చదివేవి. 20వ శతాబ్దం వీటికి మరో రకం ఆధారాన్ని జోడించింది. అది చెవితో చదవవలసిన ఆధారం. గ్రామఫోను రికార్డు, రీలు టేపు, క్యాసెట్, నేటి డిజిటల్ ఫైలు ఈ కోవలోకి వస్తాయి.

ఒక విద్యాసంస్థ తన సామూహిక జీవితాన్ని ధ్వనిముద్రణల్లో దాచుకున్నప్పుడు వాటిని మనం ఎలా వినాలి, వాటి నుంచి ఏం గ్రహించవచ్చు, ఏం గ్రహించలేం అన్నది ఈ పాఠ్యాంశం. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, వేకో నగరంలో ఉన్న బేలర్ విశ్వవిద్యాలయాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం. ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలగాలి:

• విద్యాసంస్థల్లో ఉండే ధ్వనిముద్రణల రకాలు
• మాటకూ దాని రాతప్రతికీ ఉండే తేడా
• టేపులు పాడయ్యే కారణాలు, వాటిని కాపాడే పద్ధతులు
• ఒక సేకరణలో లేని గొంతులను గుర్తించడం ఎందుకు అవసరమో

2. ధ్వనిముద్రణల రకాలు

క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో సామూహిక జీవితానికి కేంద్రం చాపెల్. చాపెల్ అంటే ప్రార్థనా మందిరం. అక్కడ విద్యార్థులు, అధ్యాపకులు కలుసుకునే ఆరాధన సమావేశాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ప్రార్థన, పాట, ప్రసంగం, ప్రకటనలు అన్నీ అక్కడే జరుగుతాయి. అందుచేత ఇలాంటి సంస్థల ఆర్కైవ్స్‌లో, అంటే అభిలేఖాగారాల్లో, సాధారణంగా నాలుగు రకాల ధ్వనిముద్రణలు కనిపిస్తాయి. మొదటిది చాపెల్ ప్రసంగాలు. రెండవది గాయక బృందాల పాటలు. మూడవది స్నాతకోత్సవాలు, అతిథి ఉపన్యాసాలు, విద్యార్థి సభలు. నాలుగవది చరిత్రకారులు ప్రత్యేకంగా కూర్చోబెట్టి చేసిన ముఖాముఖీలు.

మొదటి మూడు రకాలకూ నాలుగవదానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ప్రసంగాన్ని ముద్రించినప్పుడు ఆ సంఘటన ఎలాగూ జరుగుతోంది. యంత్రం దాన్ని పట్టుకుంది. ముఖాముఖీ మాత్రం ముద్రణ కోసమే జరుగుతుంది. ప్రశ్న అడిగేవారు లేకపోతే ఆ మాట పుట్టేదే కాదు. కాబట్టి ముఖాముఖీని వినేటప్పుడు జవాబుతో పాటు ప్రశ్నను కూడా పరిశీలించాలి.

3. బేలర్ నేపథ్యం

బేలర్ విశ్వవిద్యాలయానికి 1845లో అనుమతి పత్రం లభించింది. అప్పటికి టెక్సస్ ఇంకా స్వతంత్ర గణరాజ్యం. బాప్టిస్టు సంఘాల వారు స్థాపించిన ఈ సంస్థలో చాపెల్‌కు హాజరు కావడం చదువులో భాగంగా వచ్చింది.

ఇక్కడ ఒక తేదీని బాగా గుర్తుంచుకోవాలి. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవాలని బేలర్ ధర్మకర్తల మండలి నిర్ణయించింది 1963 నవంబరులో. అక్కడ పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థులు రాబర్ట్ గిల్బర్ట్, బార్బరా వాకర్, అది 1967లో. అంటే స్థాపన తరవాత నూటపద్దెనిమిదేళ్ల పాటు ఆ తలుపు వారికి మూసి ఉంది.

దీనికీ ధ్వనిముద్రణలకూ సంబంధం ఏమిటి? 1950లలో ఇలాంటి సంస్థలో ముద్రించిన చాపెల్ పాటను ఊహించండి. వందలాది గొంతులు కలిసి పాడుతున్నాయి. వినేవారికి ఊరంతా పాడుతున్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ ఊళ్లోనే ఉంటూ, అదే దేవుణ్ణి కొలుస్తూ, ఆ విద్యార్థుల వరసలో కూర్చునే హక్కు లేని కుటుంబాల పిల్లల గొంతు అందులో లేదు. వారిని దూరంగా ఉంచారన్న సంగతి టేపు తనంతట తాను చెప్పదు. ప్రవేశాల చరిత్ర తెలిసిన శ్రోతకు మాత్రమే ఆ లోటు అర్థమవుతుంది.

4. ఒక ప్రసంగం చెప్పేది, చెప్పనిది

వేకోకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో డాలస్ నగరం ఉంది. అక్కడి సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం కూడా క్రైస్తవ సంఘం స్థాపించినదే. 1966 మార్చి 17న మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అక్కడి మెక్‌ఫార్లిన్ సభామందిరంలో ప్రసంగించారు. ఆహ్వానం పంపింది విద్యార్థి సంఘం. ఆ ప్రసంగపు ధ్వనిముద్రణ నేటికీ ఉంది.

ఆ ముద్రణ మనకు కింగ్ వాదనతో పాటు ఆయన గొంతు వేగాన్ని, నొక్కి పలికిన చోట్లను కూడా అందిస్తుంది. అచ్చులో చదివితే ఇవి దొరకవు. అయితే విద్యార్థులు ఆయన్ను పిలవాలని ఎలా నిర్ణయించుకున్నారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, సభకు రానివారు ఎవరు అన్న ప్రశ్నలకు టేపులో జవాబు వెతకలేం. వాటికోసం విద్యార్థి సంఘం సమావేశ నివేదికలు, కళాశాల పత్రిక, ఆనాటి ఉత్తరాలు చూడాలి. ధ్వనిముద్రణ ఎంత సజీవంగా ఉన్నా ఒంటరి సాక్షి మాత్రమే. ఇతర సాక్షులతో కలిపి విచారించాలి.

5. మౌఖిక చరిత్ర: మాట, రాతప్రతి

బేలర్‌లో మౌఖిక చరిత్ర సంస్థ 1970లో మొదలైంది. మనుషులు తమ జ్ఞాపకాలను మాటల్లో చెబుతుండగా ముద్రించి, దాన్ని రాతలో పెట్టి, పరిశోధకులకు అందుబాటులో ఉంచడం దాని పని. విశ్వవిద్యాలయం గోడల లోపలి జీవితంతో ఆ సంస్థ ఆగిపోలేదు. ఉదాహరణకు 1953 మే 11న వేకోను పెనుగాలి ధ్వంసం చేసింది. 114 మంది చనిపోయారు. దాన్ని కళ్లారా చూసిన పట్టణవాసుల జ్ఞాపకాలు కూడా ఆ సేకరణలో చేరాయి.

మౌఖిక చరిత్రలో ఒక ముఖాముఖీ మూడు రూపాల్లో ఉండవచ్చు. మొదటిది అసలు శబ్దం. రెండవది ఉన్నది ఉన్నట్టు దింపిన రాతప్రతి. మూడవది మాట్లాడిన వ్యక్తి చూసి సవరించిన ప్రతి. పేర్లు, తేదీలు సరిదిద్దడానికి ఈ సవరణ ఎంతో ఉపయోగం. కానీ వ్యక్తి తడబడిన చోటు, మాట మింగిన చోటు, "ఆ సంగతి ఇప్పుడెందుకులెండి" అన్న ధోరణిలో ఆగిన చోటు చివరి ప్రతిలో సాఫీ అయిపోవచ్చు.

మౌనం కూడా సమాచారమే. రాతప్రతిలో ఒక చుక్కగా మారిన విరామం శబ్దంలో పది సెకండ్ల పాటు ఉండవచ్చు. అందుకే ముఖ్యమైన వాక్యాన్ని ఉదాహరించే ముందు పరిశోధకుడు రాతప్రతితో సరిపెట్టుకోకుండా ఆ భాగాన్ని స్వయంగా వినాలి.

6. ఇళ్లలో మిగిలిన పాటలు

1940ల మధ్య నుంచి 1970ల మధ్య వరకు నల్లజాతి క్రైస్తవుల గాస్పెల్ సంగీతానికి స్వర్ణయుగం అంటారు. గాస్పెల్ అంటే సువార్త. చర్చి గాయకులు, కుటుంబ బృందాలు పాడిన ఈ పాటలను ఎన్నో చిన్న చిన్న కంపెనీలు తక్కువ సంఖ్యలో రికార్డులుగా విడుదల చేశాయి. కంపెనీలు మూతపడ్డాయి. రికార్డులు అటకల మీదికీ, పాత సామాన్ల దుకాణాలకూ చేరాయి.

బేలర్‌లో పాత్రికేయ విద్య బోధించిన రాబర్ట్ డార్డెన్ అంతకుముందు బిల్‌బోర్డ్ పత్రికలో గాస్పెల్ విభాగానికి సంపాదకులుగా పనిచేశారు. ఈ సంగీతం కళ్లముందే అంతరించిపోతోందని హెచ్చరిస్తూ ఆయన 2005 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశారు. దాన్ని చదివిన చార్లెస్ రాయిస్ అనే దాత ఆర్థిక సహాయం ఇవ్వడానికి ముందుకు వచ్చారు. అలా బేలర్ గ్రంథాలయాల్లో నల్లజాతి గాస్పెల్ సంగీత పునరుద్ధరణ ప్రాజెక్టు మొదలైంది. రికార్డులు ఉన్నవారు వాటిని దానం చేయవచ్చు. లేదా అరువుగా ఇచ్చి, డిజిటల్ ప్రతి తీశాక వెనక్కి తీసుకోవచ్చు. 2016లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఈ సేకరణలోని పాటలకు చోటు దక్కింది.

ఈ పనిలో బయటపడిన ఒక విషయం చరిత్ర విద్యార్థికి చాలా విలువైనది. చిన్న రికార్డుకు ఒక్కో వైపు ఒక్కో పాట ఉంటుంది. రేడియోలో వేయాలని కంపెనీ కోరుకునే పాట మొదటి వైపు ఉంటుంది. రెండో వైపును పట్టించుకునేవారు తక్కువ. డిజిటల్ ప్రతులు తీసేటప్పుడు రెండు వైపులా వినక తప్పలేదు. అలా వింటే, పౌరహక్కుల ఉద్యమానికి సంబంధించిన పాటలు రెండో వైపున తాము అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నాయని డార్డెన్ గమనించారు. ప్రజాదరణ పొందిన పాటల జాబితా మీదనే ఆధారపడి చరిత్ర రాస్తే ఈ సంగతి తెలిసేది కాదు.

మూడో భాగంలో చెప్పిన తేదీని ఇప్పుడు మళ్లీ చూడండి. 1963 దాకా నల్లజాతి విద్యార్థులకు చోటివ్వని సంస్థే నేడు నల్లజాతి పాటలకు సంరక్షక స్థానంలో ఉంది. దీన్ని పశ్చాత్తాపమని గాని, గొప్పతనమని గాని ఒక్క మాటలో తేల్చడం చరిత్రకారుడి పని కాదు. చాపెల్ ముద్రణలను, ఈ రికార్డులను పక్కపక్కన పెట్టి వినడం ఆయన పని. అప్పుడే ఆ ప్రాంతపు క్రైస్తవ జీవితం పూర్తిగా అర్థమవుతుంది. ఒక్క సేకరణనే వింటే సగమే వింటాం.

7. టేపు ఎందుకు పాడవుతుంది?

కాగితం వందల ఏళ్లు నిలవవచ్చు. టేపుకు అంత ఆయుష్షు లేదు. సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఒక జిగురు పదార్థంతో అంటిస్తారు. శబ్దం ఈ రేణువుల్లో అయస్కాంత రూపంలో నిలుస్తుంది. పాత టేపుల పట్టీ అసిటేట్‌తో చేసింది. అది చెడిపోయేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. పట్టీ కుంచించుకుపోయి పెళుసవుతుంది. తరవాత వచ్చిన పాలియెస్టర్ పట్టీ గట్టిదే కాని, 1970లు, 1980లలో తయారైన కొన్ని రకాల టేపుల్లో జిగురు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలాంటి టేపును యంత్రంలో పెడితే అతుక్కుపోయి, రేణువులు రాలిపోతాయి. దాన్ని సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తే కొద్ది కాలం పాటు తిప్పడానికి వీలవుతుంది. ఈ పద్ధతి అసిటేట్ టేపుకు పనికిరాదు. నిపుణులు కానివారు దీన్ని ప్రయత్నించకూడదు.

టేపు బాగున్నా దాన్ని తిప్పే యంత్రం దొరకాలి. రీలు యంత్రాలు, వాటి విడిభాగాలు, బాగుచేసే పనివారు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే డిజిటల్ ప్రతులు తీయడాన్ని వాయిదా వేయలేం. భద్రపరచడానికి తీసే ప్రతిలో సెకనుకు 96,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 24 బిట్లు తీసుకోవడం వాడుకలో ఉన్న ప్రమాణం. రెండు చానళ్ల శబ్దమైతే గంటకు దాదాపు 2 గిగాబైట్ల స్థలం కావాలి. వెయ్యి గంటలకు 2 టెరాబైట్లు. అదీ ఒక్క ప్రతికే. వేరు వేరు చోట్ల కనీసం మరో ప్రతి ఉంచాలి.

డబ్బు, సమయం, యంత్రాలు పరిమితం కాబట్టి ఏ టేపును ముందు తీయాలన్న ప్రశ్న వస్తుంది. అధ్యక్షుడి ప్రసంగమా, వంటశాల సిబ్బంది వీడ్కోలు సభా? ముందు వరసలో ఉన్నది మిగులుతుంది. వెనక ఉన్నది వంతు వచ్చేలోగా చెడిపోవచ్చు. సాంకేతికంగా కనిపించే ఈ నిర్ణయం నిజానికి దేన్ని గుర్తుంచుకోవాలి, దేన్ని మరిచిపోవచ్చు అన్న నిర్ణయం.

8. హక్కులు

రికార్డు చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని అందరికీ వినిపించే హక్కు రాదు. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన ధ్వనిముద్రణలను 2018 నాటి సంగీత ఆధునికీకరణ చట్టం సమాఖ్య రక్షణ కిందికి తెచ్చింది. 1957 నుంచి ఆ తేదీ దాకా వెలువడిన వాటికి రక్షణ 2067 ఫిబ్రవరి 15 వరకు ఉంటుంది. ముఖాముఖీల విషయంలో మాట్లాడిన వ్యక్తి నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకుంటారు. చట్టం సంగతి అలా ఉంచి, ప్రార్థనలో కన్నీళ్లతో సాక్ష్యం చెప్పిన ఒక విద్యార్థి తన మాట యాభై ఏళ్ల తరవాత ప్రపంచమంతా వింటుందని అనుకుని ఉండదు. ఆమె గౌరవాన్ని కాపాడటం కూడా ఆర్కైవ్స్ బాధ్యతే.

9. సారాంశం

ధ్వనిముద్రణ గతాన్ని మన చెవిదాకా తెస్తుంది. ఆ దగ్గరితనమే మనల్ని ఏమార్చగలదు కూడా. కాబట్టి ఏ ముద్రణనైనా ఐదు ప్రశ్నలతో వినండి. మైకు పెట్టింది ఎవరు? ఎవరి కోసం? రాతప్రతికీ శబ్దానికీ తేడా ఉందా? ఇది ఎలా బతికి మనదాకా వచ్చింది? ఇందులో ఎవరి గొంతు లేదు, ఆ గొంతు వేరే ఎక్కడ దొరుకుతుంది? చివరి ప్రశ్నకు జవాబు తరచుగా సంస్థ బయట, ఎవరో ఒకరి ఇంటి అటక మీద ఉంటుంది.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చాపెల్ ప్రసంగపు ముద్రణకూ మౌఖిక చరిత్ర ముఖాముఖీకీ గల తేడాను వివరించండి.
2. రికార్డుల రెండో వైపు పాటలు పరిశోధకులకు ఏం నేర్పాయి?
3. 1963 నాటి నిర్ణయం తెలియకుండా 1950ల చాపెల్ పాటను వింటే కలిగే పొరపాటు ఏమిటి?
4. మీ ఊళ్లోని బడి, చర్చి, మసీదు, గుడి, సంఘం లేదా మీ ఇంట్లో ఉన్న పాత క్యాసెట్ ఒకటి ఎంచుకోండి. అందులో ఎవరు మాట్లాడారు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలను తెలిసినవారిని అడిగి ఒక పుటలో రాయండి. పై ఐదు ప్రశ్నలకు జవాబులు చేర్చండి. చెప్పగలిగిన పెద్దవారు ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.