ఎస్ఎంపీఎస్ మార్చాక క్యాబినెట్ లైట్లు వెలగకపోతే

పాత ఎస్ఎంపీఎస్ తీసేసి కొత్తది బిగించాక కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, విండోస్ తెరుచుకుంటుంది. క్యాబినెట్ లోపలి రంగుల లైట్లు మాత్రం వెలగవు. డెస్క్‌టాప్‌ను సొంతంగా అసెంబుల్ చేసుకునేవాళ్లకూ, సర్వీసు షాపులవాళ్లకూ తరచూ ఎదురయ్యే చిక్కే ఇది. ఇలాంటప్పుడు అనుమానం ముందుగా కొత్త ఎస్ఎంపీఎస్ మీదకే పోతుంది. కానీ ప్రాసెసరూ, హార్డ్‌డిస్కూ నడుస్తున్నాయంటే అది 12 వోల్టులూ, 5 వోల్టులూ ఇస్తూనే ఉన్నట్టు లెక్క. లోపం చాలావరకు ఆ కరెంటు లైటు దాకా చేరే దారిలోనే ఉంటుంది. ఏ లైటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ రంగు వెలగాలన్న ఆదేశం ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి తెలిస్తే వెతకడం తేలిక.

రెండు రకాల లైట్లు

క్యాబినెట్లలో కనిపించే రంగుల లైట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఆర్‌జీబీ. ఇది 12 వోల్టులతో పనిచేస్తుంది, దీని ప్లగ్గుకు నాలుగు పిన్లు ఉంటాయి. ఒక పిన్ 12 వోల్టులది; మిగతా మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులవి. ఈ రకంలో పట్టీ మొత్తం ఒకేసారి ఒకే రంగులో వెలుగుతుంది.

రెండోది ఏఆర్‌జీబీ. ఇది 5 వోల్టులది, దీనికి మూడే పిన్లు: 5 వోల్టులు, డేటా, గ్రౌండ్. నాలుగు పిన్లు పట్టే చోట ఒకటి ఖాళీగా వదిలేసి ఉంటుంది కాబట్టి చూడగానే గుర్తుపట్టవచ్చు. ఇందులో ప్రతి ఎల్ఈడీలోనూ ఒక బుల్లి చిప్ ఉంటుంది. డేటా తీగ మీద వచ్చే సమాచారంలో తన వంతు తాను తీసుకుని, మిగిలినదాన్ని ఆ చిప్ పక్క ఎల్ఈడీకి పంపిస్తుంది. అందుకే ఒక్కో ఎల్ఈడీ ఒక్కో రంగులో వెలగగలదు. ఒకచోట తెగితే ఆ తర్వాత ఉన్నవన్నీ ఆగిపోయేదీ ఇందుకే.

ఈ రెండు రకాలనూ కలపకూడదు. 5 వోల్టుల పట్టీకి 12 వోల్టులు తగిలితే అందులోని చిప్‌లు క్షణంలో కాలిపోతాయి. మదర్‌బోర్డు మీద ఈ సాకెట్ల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. చాలా ఎంఎస్ఐ బోర్డుల మీద 5 వోల్టులదాన్ని జేరెయిన్‌బో అనీ, 12 వోల్టులదాన్ని జేఆర్‌జీబీ అనీ ముద్రిస్తారు. చాలా గిగాబైట్ బోర్డుల మీద అవే డీ-ఎల్ఈడీ, ఎల్ఈడీ-సీ అన్న పేర్లతో ఉంటాయి. పేరుతో పాటు పక్కనే వోల్టేజీ కూడా చూసుకున్నాకే ప్లగ్గు గుచ్చాలి.

ఆరిపోయింది ఏ లైటు?

మూత తెరవకముందే అద్దంలోంచి చూసి, ఏవి వెలుగుతున్నాయో, ఏవి వెలగడం లేదో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. ర్యామ్ మీది లైట్లకు విడిగా తీగలుండవు. వాటికి కరెంటు ర్యామ్ స్లాట్ ద్వారానే అందుతుంది. మదర్‌బోర్డు మీది లైట్లకూ బోర్డు నుంచే అందుతుంది. ఇవి వెలుగుతూ ఫ్యాన్ లైట్లు మాత్రమే ఆరిపోతే, లోపం ఫ్యాన్లకూ బోర్డుకూ మధ్య తీగల్లోనో, ఫ్యాన్ లైట్లను ఒకచోట కలిపే హబ్‌లోనో ఉందని అర్థం. ర్యామ్, బోర్డు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి ఆరిపోయాయంటే సెట్టింగులను అనుమానించాలి.

ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి దాని లైటుకూ కరెంటు అందుతోందని అనుకోకూడదు. ఎక్కువ ఫ్యాన్లకు తీగలు రెండు. మోటారుకు 12 వోల్టులు ఫ్యాన్ సాకెట్ నుంచి వెళ్తాయి. లైటుకు వేరే తీగ, దానికి వేరే సాకెట్. మొదటిది సరిగ్గా ఉండి రెండోది ఊడితే చీకట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

హబ్‌కు అందని కరెంటు

ఎస్ఎంపీఎస్ మార్చాక లైట్లు ఆగిపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం హబ్‌కు కరెంటు తీగ పెట్టడం మరచిపోవడం. మూడు, నాలుగు ఫ్యాన్ల లైట్లను ఒకచోట కలిపే ఈ చిన్న డబ్బా సాధారణంగా మదర్‌బోర్డు వెనక, క్యాబినెట్ కుడివైపు రేకు చాటున డబుల్ టేపుతో అంటించి ఉంటుంది. ముందువైపు అద్దంలోంచి ఇది కనబడదు. దీనికి కరెంటు నేరుగా ఎస్ఎంపీఎస్ నుంచి, సాటా ప్లగ్గు ద్వారా వస్తుంది. కొన్ని పాత హబ్‌లకు నాలుగు పెద్ద పిన్ల మోలెక్స్ ప్లగ్గు ఉంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌ను విప్పేటప్పుడు ఈ ప్లగ్గూ ఊడదీయాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు మదర్‌బోర్డుకు, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు, డిస్కులకు తీగలు పెట్టి మూత వేసేస్తే, వెనక ఉన్న హబ్ అలాగే మిగిలిపోతుంది.

కుడివైపు రేకు విప్పి చూస్తే విషయం వెంటనే తెలుస్తుంది. సాటా ప్లగ్గు లోపల ఎల్ ఆకారపు గాడి ఉంటుంది. అది పూర్తిగా లోపలికి దిగిందో లేదో వేలితో నొక్కి చూడాలి. సగం దిగినా పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త ఎస్ఎంపీఎస్‌లో సాటా ప్లగ్గులు చాలకపోతే మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ వాడతారు. వీటిలో ప్లాస్టిక్‌ను పోతపోసి చేసిన చౌక రకాలు లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కరిగిపోయే ప్రమాదం ఉంది. అలాంటివి కొనకపోవడమే మంచిది.

హబ్ నుంచి మదర్‌బోర్డుకు మరో సన్నని తీగ వెళ్తుంది. అది మూడు పిన్ల ఏఆర్‌జీబీ తీగ కావచ్చు, యూఎస్‌బీ తీగ కావచ్చు. లావాటి 24 పిన్ల కేబుల్‌ను లాగేటప్పుడు ఈ సన్న తీగలు ఊడిపోవడం మామూలే. కరెంటు ఉండి ఈ తీగ ఊడితే కొన్ని హబ్‌లు తమకు అలవాటైన రంగులోనే వెలుగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం కనబడవు.

క్యాబినెట్ ముందువైపు లైటు బటన్ ఉంటే దాని తీగా చూసుకోవాలి. చాలా క్యాబినెట్లలో రీసెట్ బటన్ తీగను హబ్‌కు కలిపి, రంగులు మార్చే బటన్‌గా వాడతారు. విప్పినప్పుడు దాన్ని మళ్లీ మదర్‌బోర్డు రీసెట్ పిన్లకు గుచ్చితే, రంగు మారుద్దామని నొక్కినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

పాత ఎస్ఎంపీఎస్‌కే లైట్లున్న ఫ్యాన్ ఉంటే మరో సంగతి గమనించాలి. ఫ్యాన్ల లైట్ తీగలను ఒకదాని నుంచి మరొకదానికి వరసగా కలిపినప్పుడు ఆ వరసలో ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ కూడా ఉండి ఉండవచ్చు. దాన్ని తీసేస్తే తర్వాతి ఫ్యాన్లకు అందే డేటా అక్కడితో ఆగిపోతుంది. మధ్య ఖాళీని మళ్లీ కలపాలి.

పాత కేబుళ్లతో ప్రమాదం

ఈ విషయంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు పాత కేబుళ్లను అలాగే ఉంచేసి కొత్త ఎస్ఎంపీఎస్‌కు గుచ్చడం. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లలో కేబుళ్లు రెండు చివర్లా ఊడివస్తాయి. క్యాబినెట్ వెనక ఓపిగ్గా సర్ది, ట్యాగులు కట్టిన తీగలను మళ్లీ విప్పడం ఎందుకని చాలామంది పాతవాటినే వాడేస్తారు. ప్లగ్గు ఆకారం సరిపోతుంది, క్లిప్పు కూడా పడుతుంది. కానీ మదర్‌బోర్డు, డిస్కుల వైపు పిన్ల అమరికకు ప్రమాణం ఉంది గానీ ఎస్ఎంపీఎస్ వైపు అమరికకు లేదు. అది కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారవచ్చు.

పాత ఎస్ఎంపీఎస్‌లో 5 వోల్టులు వచ్చే పిన్ దగ్గర కొత్తదానిలో 12 వోల్టులు ఉంటే, 5 వోల్టుల హబ్‌కు 12 వోల్టులు పోతాయి. హబ్ ఒక్కటే పోతే అదృష్టమే. అదే కేబుల్ మీద ఉన్న ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్కు కూడా కాలిపోవచ్చు, వాటిలోని సమాచారంతో సహా. కాబట్టి లైట్లు వెలగకపోతే, పాత కేబుల్ వాడినట్టు గుర్తొస్తే, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయకూడదు. ప్లగ్గు పీకి, కొత్త ఎస్ఎంపీఎస్‌తో పెట్టెలో వచ్చిన కేబుళ్లనే పెట్టాలి. ఆ తర్వాత కూడా హబ్ పనిచేయకపోయినా, కాలిన వాసన వచ్చినా అది పోయినట్టే.

మల్టీమీటర్‌తో పరీక్ష

కేబుళ్లన్నీ సరిగ్గా ఉన్నా లైట్లు రాకపోతే వోల్టేజీ కొలవాలి. సాటా ప్లగ్గులో 15 సన్నటి పిన్లు ఉంటాయి, వాటి మధ్య ప్రోబ్ జారితే షార్ట్ అవుతుంది. అదే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే మోలెక్స్ ప్లగ్గులో కొలవడం సులువు. పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, మధ్యలోని రెండు నల్ల తీగలు గ్రౌండ్. తీగలన్నీ నలుపే అయినా వరస ఇదే: రెండు చివర్లా వోల్టేజీలు, మధ్యలో గ్రౌండ్. నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్‌కు, ఎర్ర ప్రోబ్‌ను చివరి పిన్‌కు ఆనించి కంప్యూటర్ నడుస్తుండగా చూడాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 5 శాతం తేడా ఉండవచ్చు. అంటే 5 వోల్టులు 4.75 నుంచి 5.25 మధ్య, 12 వోల్టులు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఈ హద్దులు దాటితే ఎస్ఎంపీఎస్‌ను వారంటీలో మార్పించుకోవాలి.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. క్యాబినెట్‌లో చెయ్యిపెట్టే ముందు గోడ ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డు మీద మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. లైట్ల ప్లగ్గులు పెట్టడం, తీయడం ఎప్పుడూ కంప్యూటర్ ఆపేశాకే.

మిణుకుమిణుకులు, మారిన రంగులు

అసలు వెలగకపోవడం ఒక తీరు, తప్పుగా వెలగడం మరో తీరు. తెలుపు పెడితే పట్టీ చివర నారింజ రంగులోకి తిరుగుతుంటే, అక్కడికి 5 వోల్టులు పూర్తిగా చేరడం లేదన్నమాట. నీలం ఎల్ఈడీ వెలగడానికి ఎరుపుకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే వోల్టేజీ తగ్గితే ముందు నీలం మసకబారుతుంది. లైట్లు అడ్డదిడ్డంగా మిణుకుమంటే డేటా తీగో, గ్రౌండో లూజు అయి ఉంటుంది. నాలుగు పిన్ల రకంలో ఒక్క రంగు మాత్రమే రాకపోతే పిన్ వంగిందేమో చూడాలి. అసలు వెలగకపోయినా, రంగులు తారుమారైనా ప్లగ్గు తిరగేసి పెట్టారేమో చూడాలి. ప్లగ్గు మీది బాణం గుర్తు బోర్డు మీది 12 వోల్టుల పిన్ వైపు ఉండాలి.

బరువు మోయలేక ఆగిపోవడమూ ఉంది. మదర్‌బోర్డు ఏఆర్‌జీబీ సాకెట్లు చాలావరకు 3 ఆంపియర్ల దాకానే ఇస్తాయి. ఒక ఎల్ఈడీ పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే 50 ఎల్ఈడీలకే ఆ హద్దు చేరుతుంది. ఒక్కో దానికి 12 ఎల్ఈడీలున్న 6 ఫ్యాన్లను కలిపితే 72 ఎల్ఈడీలు, అంటే 4.3 ఆంపియర్లు. సాటా ప్లగ్గు చాలలేదని హబ్‌ను పక్కనపెట్టి, చీలిక తీగలతో ఫ్యాన్లన్నీ ఒకే సాకెట్‌కు కలిపినవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇదే.

సెట్టింగులు, సాఫ్ట్‌వేర్

తీగలన్నీ సరిగ్గా ఉంటే ఇక బయోస్ చూడాలి. ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు బోర్డుకు కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు సెట్టింగులను నిలబెట్టేది సీఆర్ 2032 బటన్ బ్యాటరీ. అది అయిపోయి ఉంటే తేదీ, టైముతో పాటు లైట్ల సెట్టింగులూ పోతాయి. కంప్యూటర్‌లో పాత తేదీ కనిపిస్తే బ్యాటరీ మార్చి, బయోస్‌లో లైట్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. షట్‌డౌన్ చేశాక కూడా లైట్లు వెలుగుతుంటే అది చెడిపోవడం కాదు. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. బయోస్‌లో ఈఆర్‌పీ ఆన్ చేస్తే చాలా బోర్డుల్లో ఆ వెలుగు ఆగిపోతుంది.

విండోస్‌లో లైట్లను నడిపే ఆర్మరీ క్రేట్, మిస్టిక్ లైట్, ఐక్యూ వంటి సాఫ్ట్‌వేర్లు రెండు ఒకేసారి నడిస్తే ఒకదాని ఆదేశాన్ని మరొకటి చెరిపేస్తుంది. విండోస్ 11లో 2023లో డైనమిక్ లైటింగ్ అనే సదుపాయం కూడా చేరింది. వీటన్నిటిలో ఏదో ఒక్కదానికే పెత్తనం ఇచ్చి మిగతావి ఆపేయాలి.

ఇన్ని చూసినా వెలగకపోతే, పనిచేస్తున్న ఒక ఫ్యాన్‌ను అనుమానం ఉన్న సాకెట్‌కు పెట్టి చూస్తే పోయింది సాకెట్టో, ఫ్యానో, హబ్బో తేలిపోతుంది. హబ్ పోతే కొత్తది పెట్టుకోవచ్చు. బోర్డు సాకెట్ పోతే సాటాతో నడిచే విడి కంట్రోలర్ పెట్టుకోవచ్చు. ఎస్ఎంపీఎస్ మార్చబోయేవాళ్లు ముందుగా రెండు పనులు చేస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. విప్పే ముందు క్యాబినెట్ రెండు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవాలి. పాత కేబుళ్లను పాత ఎస్ఎంపీఎస్‌తో పాటే దాని పెట్టెలో వేసి పక్కన పెట్టేయాలి.