కోయిలకుంట్ల సీటు ఏమైంది?

ఈ రోజు నేను ఇప్పుడు లేని ఒక అసెంబ్లీ సీటు గురించి చెప్తాను. అదే పాత కర్నూలు జిల్లా కోయిలకుంట్ల.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసిన ఖజానా ఇక్కడిదే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరి తీసిందీ ఇక్కడే. స్వాతంత్ర్యం వచ్చాక, అసెంబ్లీ స్పీకర్‌గా చేసిన బి.వి. సుబ్బారెడ్డి గారు గెలిచింది ఈ సీటు నుంచే.

మరి ఏమైంది? 2001 జనాభా లెక్కలు పెట్టుకుని జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ హద్దులు మళ్లీ గీసింది. చిత్రం చూడండి, జిల్లాలో సీట్లు 13 నుంచి 14కు పెరిగాయి, కోయిలకుంట్ల మాత్రం పోయింది! 2004 ఎన్నికలే దానికి ఆఖరివి. 2009 నుంచి ఆ మండలం అవుకు, సంజామల, కొలిమిగుండ్లతో పాటు బనగానపల్లె సీటులో ఉంది. ఉయ్యాలవాడ మండలమేమో ఆళ్లగడ్డ సీటులో ఉంది. నరసింహారెడ్డి ఊరొక సీటు, ఆయన్ని ఉరి తీసిన ఊరొక సీటు అన్నమాట.

ఓటు ఎవరిదీ పోలేదండి. కానీ సీటు ఏ ఊరి పేరు మీద ఉంటే నాయకుల చూపు ఆ ఊరి మీదే ఉంటుంది. రేపు మళ్లీ పునర్విభజన వస్తుంది. ముసాయిదా పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. మనం నోరు విప్పాల్సింది అప్పుడే. ఉత్తర్వు గెజిట్‌లో పడ్డాక మార్పించుకోవడం చాలా కష్టం.